ఎడమకు లాగిన బండి

గ్యారేజీకి వచ్చేవాళ్లలో జబ్బు చెప్పేవాళ్లు తక్కువ, తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువ. "స్టీరింగ్ పోయింది, మార్చేయ్" అంటారు. "ఇంజన్ దిగిపోయింది" అంటారు. స్టీరింగ్ పోతే ఇక్కడిదాకా ఎట్లా వచ్చావయ్యా అని అడగాలనిపించేది నాకు. చాలామందిని అడిగాను కూడా. నా గ్యారేజీ గడప మళ్లీ తొక్కని గిరాకీలు సూరత్‌లో బాగానే ఉన్నారు.

నేను పానాలు పక్కన పెట్టి కొంతకాలమైంది. ఇప్పటికీ కుర్ర మెకానిక్కులు వచ్చి, పాత బండ్లలో బ్రేకు, స్టీరింగు, ఇంజను జబ్బులు ఎట్లా పట్టాలో చెప్పమని అడుగుతుంటారు. మీ దగ్గర తీగ గుచ్చితే తప్పు చూపించే మిషన్లు ఉన్నాయి. వాటితో నాకు తగాదా లేదు. తీగ గుచ్చే చోటు ఉన్న బండికి తీగే గుచ్చండి. పాత బండికి ఆ చోటు ఉండదు. దానికి మీ చేయి, ముక్కు, చెవి, వీటన్నిటికన్నా ముందు ఓపిక కావాలి. ఇవి మాటలతో చెబితే వచ్చేవి కావు. అందుకని ఒక రోజు సంగతి చెబుతాను. ఆ రోజు పనిలో నేను ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసి ఉంటే నన్ను నేను తిట్టుకుంటూ బతికేవాణ్ణి. అదీ లేకుండా పోయింది.

మా గ్యారేజీ పల్సానా పోయే రోడ్డు పక్కన ఉండేది. మావాళ్లందరూ మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు. నాకు ఆ మిల్లుల చప్పుడు పడలేదు, ఇంజన్ చప్పుడు పడింది. అక్కడి గుజరాతీ మిస్త్రీ ఒకాయన నన్ను పనిలో పెట్టుకుని, తర్వాత భాగస్తుణ్ణి చేశాడు. కాకా అని, అంటే బాబాయి అని, పిలిచేవాణ్ణి. ఆయన మాట్లాడేది హిందీ, తిట్టేది గుజరాతీ. మావాళ్లతో తిరిగి తిరిగి తెలుగు కూడా వచ్చింది గానీ, మర్యాదగా ఎట్లా మాట్లాడాలో ఆ తెలుగులో ఎవరూ నేర్పలేదు. సేటు వచ్చినా కూలీ వచ్చినా ఒకటే పిలుపు, "ఏందిరా భాయ్" అని.

కాకాకు ముక్కే పెద్ద పనిముట్టు. బండి గేటులోకి వస్తుండగానే, క్లచ్ కాలుతోందా, బ్రేకు కాలుతోందా, గ్యాస్ కారుతోందా చెప్పేవాడు. కరోనా మొదటిసారి వచ్చినప్పుడు ఆయనకు సోకింది. మనిషి దక్కాడు గానీ వాసన పోయింది. నెలలు గడిచినా రాలేదు. పెట్రోలులో తడిపిన గుడ్డ, ఇంజన్ ఆయిల్ గుడ్డ చెరో చేత్తో పట్టుకుని మార్చి మార్చి చూసేవాడు. తేడా తెలిసేది కాదు. నవ్వేవాడు, "దాల్ మాడినా తెలుస్తలేదు, మీ కాకీ ఖుష్" అని, భార్యను ఉద్దేశించి. తర్వాత ఆ గుడ్డలు రెండూ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.

సెకండ్ వేవ్ వచ్చింది. మార్కెట్లు మూతపడ్డాయి. మేము గ్యారేజీ షట్టరు సగం దించి, మరీ అవసరమైన బండ్లు మాత్రం చూసేవాళ్లం. అట్లాంటి ఒక పొద్దున మా ఊరి వైపు ఆడమనిషి ఒకామె గ్యాస్ మీద నడిచే తన పాత వ్యాను తోలుకుని వచ్చింది. ఆమెకు చిన్న మెస్ ఉంది. భర్త పల్సానాలో మగ్గం మీద పనిచేసేవాడు. ఆమె అన్నం, పప్పు, కూర డబ్బాలకెత్తి ఇచ్ఛాపూర్ దాకా తీసుకెళ్లి, అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే మన తెలుగువాళ్లకు ఇచ్చి వచ్చేది. లాక్‌డౌన్‌లోనూ ఫ్యాక్టరీ నడిచింది, ఆమె వ్యానూ నడిచింది.

బండి దిగుతూనే అంది, "అన్నా, గిదేం రోగమో జర చూడు. ఎడమకు గుంజుతుంది. స్టీరింగ్ తిప్పుతే చేతులు పడిపోతున్నయ్. ఇంజన్ల దమ్ము లేదు. గ్యాస్ మస్తు తాగుతుంది."

"ఎన్నాళ్ల సంది?"

"శానా దినాలైంది. ఒకాయన స్టీరింగ్ రాడ్ ఎండ్ మార్చిండు, తగ్గలే. ఇంకొకాయన ఎలైన్‌మెంట్ జేసిండు, తగ్గలే. ఇంజన్ మిస్త్రీ బోరే పోయింది, ఇంజన్ దించాలె అన్నడు."

అంటే స్టీరింగ్ వాడు స్టీరింగ్ చూశాడు, ఇంజన్ వాడు ఇంజన్ చూశాడు. మూడు రోగాలూ ఒకే బండికి ఒకేసారి ఎందుకొచ్చాయని ఒక్కడూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది. బండి ఇక్కడ పెట్టి వెళ్లమన్నాను, రెండు రోజుల్లో చూస్తానని.

"రెండు రోజులు కాదన్నా" అంది ఆమె. "ఈయనకు బాగలేదు. దమ్ము ఆడుతలేదు. వేలికి పెట్టే మిషన్ల అంకె దిగుతనే ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే లైన్ల ఉన్నరు అంటున్నరు. ఆటోవాడు దగ్గు ఇని గేటు కాడికెల్లే వాపస్ పోయిండు. బిడ్డ స్కూటీ మీద దవాఖానాలన్నీ తిరుగుతుంది. బెడ్డు దొరికిందంటే నేను గీ బండిలనే ఈయనను కొంటపోవాలె. తొవ్వల ఆగిపోతే ఏంజెయ్యాలె చెప్పు?"

భర్తను ఇంట్లో పడుకోబెట్టి, పక్కింటామెను గుమ్మం బయట కాపలా ఉంచి వచ్చింది. కాకా, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. షట్టరు పూర్తిగా పైకి లేపాం.

మొదట ఆమెను ఒకటే అడిగాను. పొద్దున తీయగానే లాగుతుందా, కాసేపు నడిచాక లాగుతుందా అని. ఆమె ఆలోచించి చెప్పింది. పొద్దున బాగానే ఉంటుందట. సిగ్నళ్ల దగ్గర నాలుగైదుసార్లు బ్రేకు తొక్కాక మొదలవుతుందట. పిల్లలూ, ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. రాడ్డు అరిగితే పొద్దున్నా అరిగే ఉంటుంది, సాయంత్రమూ అరిగే ఉంటుంది. బోరు పోయినా అంతే. బ్రేకు తొక్కాక వచ్చే రోగం బ్రేకుదే.

నేను బండి తీసుకుని ఖాళీ రోడ్డు మీద కాస్త దూరం తోలి, బ్రేకులు బాగా తొక్కి తెచ్చాను. దిగి నాలుగు చక్రాలకూ చేయి ఆనించాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు ఎడమ చక్రం వేడి దగ్గరకు చేయి పోనివ్వలేదు. కాకా వంగి అలవాటుగా మాస్కు కిందికి లాగి వాసన చూశాడు. చూసి లేచాడు.

"నువ్వు చూడు భాయ్" అన్నాడు.

నేను చూశాను. మాడిన వాసన. తొక్కిన బ్రేకు వదిలినా ఆ ఒక్క చక్రం మాత్రం పట్టు వదలడం లేదన్నమాట. ఒక చక్రాన్ని ఎప్పుడూ పట్టి ఉంచితే బండి ఆ వైపు లాగక ఏం చేస్తుంది? కుడికి తిప్పుతుంటే స్టీరింగ్ బరువెక్కక ఏం చేస్తుంది? పట్టేసిన చక్రాన్ని ఈడ్చుకుంటూ పోయే ఇంజన్‌కు దమ్మెక్కడిది, గ్యాస్ తాగక ఏం చేస్తుంది? మూడు రోగాలు కావు, ఒక్కటే.

జాకీ పెట్టి చక్రం ఎత్తి తిప్పాను. కదల్లేదు. చక్రం విప్పి, బ్రేకు ఆయిల్లో గాలి తీయడానికి ఉండే చిన్న నిపిల్ వదులు చేశాను. ఆయిల్ చిమ్మింది, డిస్కు హాయిగా తిరిగింది. అంటే ఆయిల్ లోపలికి పోతోంది, తిరిగి రావడం లేదు. నిపిల్ బిగించి, మళ్లీ బ్రేకు తొక్కించి వదిలాక, పైన ఇనుప పైపు జాయింటు విప్పి చూస్తే అక్కడ ఒత్తిడి లేదు, డిస్కు మాత్రం పట్టేసే ఉంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది మూరెడు రబ్బరు హోస్ పైపు. అందులోనే ఎక్కడో దారి మూసుకుంది.

హోస్ పైపు చిన్న వస్తువు. మామూలు రోజుల్లో ఒకణ్ణి పంపితే చాయ్ తాగే లోపు తెస్తాడు. కాకా ఫోన్ తీశాడు. మాకు సామాను ఇచ్చే మొదటి దుకాణదారు ఫోన్ ఎత్తలేదు. రెండోది ఎవరో ఆడపిల్ల ఎత్తి, పప్పా హాస్పిటల్లో ఉన్నారని చెప్పింది. మూడో చోట ఏడుపులు వినపడ్డాయి. కాకా ఫోన్ పెట్టేశాడు. ఇంకెవరికీ చేయలేదు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. కూతురు. ఆ గొంతు మాకూ వినపడింది. "మమ్మీ, బెడ్ దొరికింది. ఒక్కటే ఉంది. జల్దీ తీస్కరా పప్పాని, వీళ్లు రోక్కే నహీ రఖేంగే, అంటే ఎక్కువ సేపు ఆపరంట. నేను ఇక్కడనే నిలబడ్డ."

ఆమె ఫోన్ దించి నా వైపు చూసింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది, నిపిల్ వదులు చేసి పట్టు వదిలించి అట్లాగే పోదామని. కానీ నాలుగు బ్రేకులు తొక్కితే మళ్లీ పట్టేస్తుంది. హైవే మీద చక్రం బిగుసుకుంటే హాస్పిటల్లో మంచం ఎక్కాల్సినవాడు రోడ్డు మీదే పోతాడు. అదే చెప్పాను కాకాకు. ఆయన నా మాట వినడం లేదు. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టార్చి వేసి చూస్తున్నాడు.

"జర ఇటు చూడు. ఈ పట్టీ ఎందుకు గిట్ల లావైంది?"

హోస్ పైపు అటూ ఇటూ ఊగకుండా నడుమ పట్టి ఉంచే ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. అది పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉబ్బింది. ఉబ్బిన తుప్పు లోపలివైపు పైపును పిసికేసింది. తొక్కినప్పుడు బలం మీద ఆయిల్ దూరుతోంది, వదిలినప్పుడు తిరిగి రాలేకపోతోంది. కుడివైపు పట్టీ చూశాను. పాతదే గానీ శుభ్రంగా ఉంది. ఒకే బండి, ఒకే వాన, ఒకే బురద. ఎడమ పట్టీ ఒక్కటే ఎందుకట్లా కుళ్లింది?

"నువ్వు బండిని దేనితోనన్న కడుగుతవా చెల్లె?" అని అడిగాను.

"నేను కడగ. ఫ్యాక్టరీ గేటు కాడ మందు కొడ్తరు గదా, కరోనాకు. దినాం కొడ్తరు."

"ఏ దిక్కు?"

"వాచ్‌మన్ ఎడమ దిక్కు నిలవడ్తడు. ముంగటి టైరుకు కొట్టంగనే ఎనుక బండ్లు హారన్ కొడ్తయ్. పో పో అంటడు."

బ్లీచింగు నీళ్లు. ఏడాదిగా, రోజూ, ముందు ఎడమ చక్రానికే. రోగం రావొద్దని కొట్టిన మందు ఇనుమును తిన్నది, ఇనుము ఉబ్బి పైపు గొంతు పిసికింది. ఆ వాచ్‌మన్ నాలుగు చక్రాలకూ కొట్టి ఉంటే నాలుగూ పాడయ్యేవి, రోగమేంటో ముందే తెలిసేది. ఒక్కదానికే కొట్టడం వల్ల రాడ్డు మార్చారు, ఎలైన్‌మెంట్ చేశారు, ఇంజన్ దించమన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

పైపు పగల్లేదు కాబట్టి కొత్తది లేకపోయినా పని అవుతుంది. పట్టీని కోసి తీయాలి, రబ్బరుకు బ్లేడు తగలకూడదు. కాకా టార్చి పట్టాడు, నేను హ్యాక్సా పట్టాను. పక్కన ఆమె నిలబడి ఉంది. ఎంతసేపని అడిగి ఉంటే విసుక్కునేవాణ్ణేమో. ఆమె మాత్రం చీర కొంగుతో బ్రేకు ఆయిల్ చుక్కలు తుడుస్తూ నిలబడింది. పట్టీ తెగింది. విప్పదీస్తే పైపు నడుము నెమ్మదిగా గుండ్రంగా లేచింది. పైపును తీగతో వదులుగా కట్టి, ఆయిల్ నింపి, కాకా బ్రేకు తొక్కుతుంటే గాలి తీసి, చక్రం బిగించి చేత్తో తిప్పాను. తొక్కాడు, చక్రం ఆగింది. వదిలాడు, తిరిగింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ వదిలాడు. తిరిగింది.

"చలో" అన్నాడు కాకా. "నువ్వే తోలు. ఆమె ఎనుక గూసోని మనిషిని పట్టుకుంటది."

వాళ్ల ఇంటికి వెళ్లేసరికి భర్త గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాకు భయం వేసింది. దాచుకోవడమెందుకు, ఆ రోజుల్లో అందరికీ భయమే. చంక కింద చేయి వేసి లేపాను. ఒళ్లు కాలిపోతోంది. వ్యానులో డబ్బాలు పెట్టే చోట బొంత పరిచి ఎక్కించాం. ఎక్కించేటప్పుడు నా వైపు చూసి, "మిస్త్రీ, బండి అయిందా?" అన్నాడు.

"అయింది బావా. జర ఓపిక పట్టు" అన్నాను.

రోడ్డు ఖాళీగా ఉంది. పోలీసులు అడ్డం పెట్టిన చోట బ్రేకు తొక్కాను. బండి సూటిగా ఆగింది. పోలీసు వెనక్కి తొంగి చూసి వెంటనే వెనకడుగు వేసి, పొమ్మని చేయి ఊపాడు. రింగ్ రోడ్ మీద మార్కెట్లన్నీ తాళాలే. ఎప్పుడూ టెంపోలు, మూటలు మోసేవాళ్లతో నిండిపోయి అడుగు తీసి అడుగు వేయనివ్వని రోడ్డు అది. ఆ రోజు ఎక్కడా ఆగాల్సిన పని లేకపోయింది. నా జన్మలో సూరత్‌లో అంత వేగంగా ఎప్పుడూ పోలేదు.

హాస్పిటల్ గేటు బయట అంబులెన్సులు, ఆటోలు, కార్లు వరసగా ఉన్నాయి. అన్నింటిలోనూ మనుషులే. కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. మాస్కు తడిసిపోయి ఉంది.

"బెడ్ ఇంకెవరికో ఇచ్చేసిండ్రు మామా, కిసీ ఔర్ కో. ఇప్పుడే. నేను చెప్తనే ఉన్న, వస్తున్నరు, రస్తే మే హై అని. చేయి పట్టుకున్న ఆ సిస్టర్‌ది. ఆమె ఏడ్చింది గానీ ఆపలే."

వాళ్లను నేనేమీ అనను. ఆ మంచం ఎవరికో ఒకరికి దక్కింది, వాడికీ పెళ్లాం బిడ్డలు ఉండే ఉంటారు. వరసలో ఉండండి, డాక్టరు వచ్చి బండిలోనే చూస్తారని చెప్పారు. వరసలో నిలబెట్టాను. ముందు బండి కదిలినప్పుడల్లా కొంచెం కదిలించాను. అంతకన్నా నా చేతిలో ఏముంది.

వెనక ఆయన ఊపిరి చప్పుడు మారింది. గుడ్డ చింపినట్టుగా ఉండేది కాస్తా మెత్తబడింది. మధ్యలో ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. కూతురు మళ్లీ లోపలికి పరుగెత్తింది. తల్లి సీటు వెనక నుంచి నా భుజం మీద చేయి వేసింది.

"అన్నా, నువ్వు సప్పుడు ఇంటే చెప్తవ్ గద ఏం రోగమో. జర ఇను. ఇది తగ్గినట్టేనా?"

తగ్గలేదని నాకు తెలుసు. గ్యాస్ అయిపోతున్న ఇంజన్ చప్పుడు కూడా చివర్లో మెత్తగానే ఉంటుంది. నేను వెనక్కి తిరగలేదు. "జర నిమ్మళమైనట్టే ఉంది చెల్లె" అన్నాను. ఆమె నమ్మింది. అయ్యా, నిమ్మళమైందంట, మిస్త్రీ అన్న చెప్తున్నడు అని ఆయన చెవిలో చెప్పింది. ఆ మాట వింటూ పోయాడో, వినకముందే పోయాడో తెలియదు. తల నుంచి కాళ్ల దాకా ప్లాస్టిక్ తొడుక్కున్న డాక్టరు వచ్చి టార్చి వేసి చూసి, వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చిన్న కుర్రాడు.

శవాన్ని మాకు ఇవ్వలేదు, అప్పటి రూలు అది. మూటగట్టి వాళ్లే తీసుకుపోయారు. ఆమె చేతికి ఆయన చెప్పులు ఇచ్చారు.

ఈ సంగతి విన్న కుర్రాళ్లు కొందరు నన్నడిగారు, ఆ ముందు మెకానిక్కులు సరిగ్గా పట్టి ఉంటే మనిషి దక్కేవాడా అని. బండి ముందే బాగుపడి ఉంటే ఆ మంచం అందేదేమో. మంచం అందినా బతికేవాడని రాసిచ్చే డాక్టరు ఆ రోజుల్లో లేడు. రోగం పట్టుకోవడం నేర్పమని మీరు నన్ను అడుగుతారు. నేర్పుతాను. ఆ రోజు పట్టుకున్నంత శుభ్రంగా నేను నా సర్వీసులో ఏ రోగమూ పట్టలేదు. దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో మాత్రం అడగకండి.

తిరుగు దారిలో నేనే తోలాను. కూతురు స్కూటీని అక్కడే వదిలేసి తల్లి పక్కన కూర్చుంది. తల్లి ఏడవలేదు. ఫ్లైఓవర్ దిగాక రోడ్డు తిన్నగా ఉంది. పాత అలవాటు, బాగుచేసిన బండిని తిన్నని రోడ్డు మీద పరీక్షించకుండా ఉండలేను. స్టీరింగ్ మీద నుంచి వేళ్లు కొంచెం ఎత్తాను. బండి అటూ ఇటూ లాగకుండా సూటిగా పోయింది. బ్రేకు ఒకసారి తొక్కి వదిలి మళ్లీ వేళ్లు ఎత్తాను. సూటిగానే పోయింది. లోపల నాకు సంతోషం కలిగింది. నిజంగా కలిగింది. ఎంత సేపో కాదు, కలిగిందన్నది తెలిసి నా మీద నాకే అసహ్యం పుట్టేదాకా.

అప్పుడు వెనక నుంచి ఆమె అంది, మెల్లగా, గిరాకీ మిస్త్రీకి చెప్పాల్సిన మర్యాద మాట చెబుతున్నట్టు.

"బండి మంచిగ నడుస్తుందన్నా ఇప్పుడు."

"అవును చెల్లె" అన్నాను.